చెత్తకు విలువ కట్టారు, చేతికి ఎప్పుడు కడతారు?

తిరుపతిలో ఒక పాత ఇల్లు కూలగొడితే మొదట అమ్ముడుపోయేది కమ్మీ. తర్వాత తలుపులు, కిటికీలు, దూలాలు. పగలకుండా మిగిలిన ఇటుకల్ని ఆడవాళ్లు కూచుని, చిన్న సుత్తితో గచ్చు రాల్చి వరసగా పేరుస్తారు. వాటికీ గిరాకీ ఉంటుంది. అన్నీ పోయాక మిగిలేది పగిలిన కాంక్రీటు, గచ్చు పెళ్లలు, దుమ్ము. దీన్ని కొనేవాడు లేడు. ట్రాక్టరుకెత్తి ఏ వంకలోనో, ఏ చెరువు కట్ట పక్కనో, ఊరికి దూరంగా ఉండే ఏ వాడ అంచునో దింపేసి పోవడమే ఇన్నాళ్లూ మనకు తెలిసిన పద్ధతి. ఊరు తనకు అక్కరలేని వస్తువునీ, తనకు అక్కరలేని మనుషుల్నీ ఒకే వైపుకి తోసింది.

ఇప్పుడు ఈ పెళ్లలకు కూడా విలువొచ్చింది. 'చెత్త కాదు, వనరు' అని మున్సిపాలిటీలు గోడల మీద రాయిస్తున్నాయి. కూలిన కాంక్రీటు నుంచి కంకర, ఇసుక, ఫుట్‌పాత్ మీద పరిచే పేవర్ బ్లాకులు, ఇటుకలు చేసే యంత్రాలు వచ్చాయి. ఇది మంచిదే. కొండలు తవ్వడం, స్వర్ణముఖిలో ఇసుక తోడడం కొంతైనా తగ్గుతుంది. దీన్ని వ్యతిరేకించాల్సిన పని దళిత ఉద్యమానికి లేదు.

అయితే మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. చెత్త వనరుగా మారినప్పుడు ఆ చెత్తను తరతరాలుగా ముట్టుకున్న మనిషి ఏమయ్యాడు? వస్తువుకు అంటిన మైల యంత్రంలో పడి పోయింది. మనిషికి అంటగట్టిన మైల ఎందుకు పోలేదు? అది పోవాలంటే సాంకేతిక పరిజ్ఞానం చాలదు, రాజకీయం కావాలి. ఆ రాజకీయంలో విద్యార్థుల పాత్ర ఏమిటి? ఈ వ్యాసం ఈ ప్రశ్నల చుట్టూ నడుస్తుంది. విద్యార్థి పాత్ర అర్థం కావడానికి చైనా దాకా కూడా పోయి వస్తాం. అక్కడి విద్యార్థులు రోడ్లూడ్చే కార్మికులతో నిలబడిన సందర్భాలున్నాయి, నిలబడక నష్టపోయిన సందర్భాలూ ఉన్నాయి.

శిథిలం ఇటుకగా మారే తీరు

ముందు పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. తిరుపతి నగరపాలక సంస్థ రేణిగుంట మండలం తూకివాకం దగ్గర నిర్మాణ వ్యర్థాల ప్రాసెసింగ్ ప్లాంటు పెట్టింది. హైదరాబాద్‌లో ఇట్లాంటి ప్లాంటు జీడిమెట్లలో 2020లో మొదలైంది. దేశంలో మొదటిది 2009లో ఢిల్లీ బురారీలో వచ్చింది. ఎక్కడైనా ఈ ప్లాంట్ల పని తీరు దాదాపు ఒకటే. లారీ రాగానే తూకం వేస్తారు. సరుకు కింద పోసి ప్లాస్టిక్, కట్టె, గుడ్డ, వైర్లు, ఇనుము ఏరేస్తారు. మిగిలిన పెళ్లల్ని క్రషర్‌లో నలగ్గొడతారు. జల్లెడల మీద పోసి సైజుల వారీగా విడదీస్తారు. కొన్నిచోట్ల నీళ్లతో కడిగి మట్టి వేరు చేసి ఇసుక తీస్తారు. ఆ కంకర, ఇసుకకు సిమెంటు కలిపి అచ్చుల్లో ఒత్తితే బ్లాకులు, కెర్బు రాళ్లు తయారవుతాయి.

ఈ సరుకు గట్టిదేనా అని చాలామందికి అనుమానం. 2016లో సవరించిన భారత ప్రమాణం ఐఎస్ 383 దీనికి హద్దులు గీసింది. పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను కమ్మీ లేని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా, కమ్మీ వేసే కాంక్రీటులో ఎం-25 గ్రేడు వరకూ 20 శాతం దాకా వాడొచ్చు. ఎం-15 కంటే తక్కువ బలం ఉండే అడుగు కాంక్రీటులో అయితే పూర్తిగా అదే వాడొచ్చు. ఇటుక ముక్కలు, గచ్చు కలిసిపోయిన కంకరనైతే ఆ అడుగు కాంక్రీటుకే పరిమితం చేశారు. అంటే సరుకు మంచిచెడ్డలన్నీ ఏరడం మీద ఆధారపడి ఉన్నాయి. కాంక్రీటు వేరు, ఇటుక వేరు, కట్టె వేరు చేసిన చెయ్యే ఆ కంకర ధర పెంచుతుంది. యంత్రం ఎంత పెద్దదైనా ముందు నిలబడి ఏరే మనిషి లేకుండా నడవదు. ఈ సంగతి గుర్తు పెట్టుకుందాం, తర్వాత పనికొస్తుంది.

చట్టం కూడా ఉంది. 2016 మార్చిలో కేంద్రం నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. రోజుకు 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు గానీ వ్యర్థం పుట్టించేవాళ్లు దాన్ని ఏం చేస్తారో ముందే ప్లాను ఇవ్వాలని, మున్సిపల్, ప్రభుత్వ కాంట్రాక్టు పనుల్లో 10 నుంచి 20 శాతం ఇట్లా తయారైన సరుకు కొనాలని ఆ నిబంధనలు చెప్పాయి. 2025లో మళ్లీ కొత్త నిబంధనలు ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలని చెప్పారు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి కట్టే పెద్ద నిర్మాణదారుల మీద రీసైక్లింగ్ బాధ్యత పెట్టారు. సిమెంటు సంచుల మీద కోట్లు పెట్టేవాళ్లకు ఇక శిథిలం కూడా లెక్కలోకి వచ్చే సరుకే.

బూడిద కథ

వ్యర్థానికి విలువొస్తే ఏం జరుగుతుందో రాయలసీమ ఇప్పటికే చూసింది. కడప జిల్లా ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య ఉన్న రాయలసీమ థర్మల్ కేంద్రం 1994 నుంచి కరెంటు తీస్తోంది. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, కాల్చిన బొగ్గులో మూడో వంతుకు అటూఇటూగా బూడిదే మిగులుతుంది. మొదట్లో దాన్ని నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదిలేవాళ్లు. ఎండాకాలం గాలికి లేచి చుట్టుపక్కల పల్లెల కళ్లల్లో, కంచాల్లో పడింది.

ఈ బూడిదతో కాల్చకుండానే ఇటుక చేయొచ్చని తెలుగు నేల మీదే గట్టిగా రుజువు చేశారు. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ అనే శాస్త్రవేత్తల జంట బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుకలు చేసే 'ఫాల్-జి' పద్ధతిని 1990ల మొదట్లో చిన్న చిన్న యూనిట్ల దాకా తీసుకుపోయింది. బట్టీ అక్కరలేదు, కట్టెలు అక్కరలేదు, పొలం మీది పైమట్టి తీయనక్కరలేదు. ఒత్తి, నీళ్లు చల్లి ఆరబెడితే చాలు. 1999 సెప్టెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల తయారీలో బూడిద కలిపి తీరాలంది. 2003లో ఆ దూరం 100, 2016లో 300 కిలోమీటర్లయింది. అట్లా తిరుపతి, చిత్తూరు కూడా ఆ చుట్టుకొలతలోకి వచ్చాయి. ఈరోజు మన ప్రాంతంలో లేచే అపార్ట్‌మెంట్ల గోడల్లో బూడిద ఇటుక మామూలైపోయింది.

మరి ఆ బూడిద ఎవరిదయింది? గాలికి లేచినప్పుడు అది పల్లె జనానిది. లారీకెక్కాక రూపం మారింది. 2024 నవంబరులో థర్మల్ కేంద్రం బూడిద ఎవరి లారీలు తోలాలన్న దాని మీద తాడిపత్రి, జమ్మలమడుగు నాయకుల మధ్య గొడవ రేగి రాష్ట్రమంతా పత్రికలకెక్కింది, ముఖ్యమంత్రి దాకా పోయింది. ఆ గొడవలో బూడిద పీల్చిన వాడల మాట గానీ, ఇటుక యూనిట్లో సంచులు మోసే కూలీల మాట గానీ ఎక్కడా వినపడలేదు. చెత్తగా ఉన్నంతకాలం అది మనది, సరుకైన రోజు లారీలున్నవాళ్లది. రేపు శిథిలం విషయంలో కూడా ఇదే జరగదని ఏమిటి నమ్మకం?

విలువ ఎవరి దగ్గర ఆగింది

చిత్తూరు, నెల్లూరు జిల్లాల మట్టి ఇటుకల బట్టీల చరిత్ర మనకు తెలుసు. అడ్వాన్సు పేరుతో యానాది కుటుంబాల్ని పిల్లలతో సహా బట్టీ దగ్గర కట్టిపడేసిన సంఘటనలు 1976 వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చాక కూడా బయటపడుతూనే వచ్చాయి. బట్టీ పోయి ప్రెస్సు యంత్రం వస్తే వెట్టి దానంతట అదే పోతుందని కొందరు అనుకుంటారు. మంట, పొగ పోతాయి, నిజమే. అడ్వాన్సు, పీసు రేటు, మేస్త్రీ పెత్తనం యంత్రంతో పాటు పోవు. అవి యజమానికీ కూలీకీ మధ్య ఉన్న సంబంధం తాలూకువి, బట్టీ తాలూకువి కావు.

దుమ్ము సంగతి వేరే చెప్పాలి. కాంక్రీటు నలిగితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు రాయిబారిపోతాయి. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు. చిత్తూరు, కుప్పం ప్రాంతంలో గ్రానైటు కోసి పాలిష్ పట్టే యూనిట్ల కూలీలకూ ఇదే ప్రమాదం. ఆ గ్రానైటు పొడిని కూడా ఇసుకకు బదులు కొంత భాగం కాంక్రీటులో, ఇటుకల్లో కలపొచ్చని ఇంజనీరింగ్ కాలేజీల ప్రయోగాలు చెప్తున్నాయి. ఒక్కో ప్రయోగంలో బ్లాకు ఎంత బరువుకు పగిలిందో లెక్క ఉంటుంది. దాన్ని ఎత్తినవాడు ఎన్నేళ్లకు పడిపోతాడో ఆ లెక్క మాత్రం ఉండదు. ఇది పరిశోధకుల చెడ్డతనం అనను. ఏ ప్రశ్న ప్రయోగశాల దాకా పోతుంది, ఏది గేటు బయటే ఆగిపోతుంది అన్నది సమాజం ముందే తేల్చేసింది.

ఆ తేల్చిన పద్ధతి పేరే కులం. కులం పనుల్ని పంచే ఏర్పాటు మాత్రమే కాదని, పని చేసే మనుషుల్నే మెట్లు మెట్లుగా విడగొట్టే ఏర్పాటని అంబేద్కర్ 1936లోనే వాదించాడు. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే సుమారు 38,000 మంది వివరాలు కేంద్ర ప్రభుత్వం సేకరిస్తే, 2024లో బయటికొచ్చిన లెక్క ప్రకారం వాళ్లలో 68.9 శాతం ఎస్సీలు, 8.3 శాతం ఎస్టీలు, 14.7 శాతం బీసీలు. మిగిలిన కులాలన్నీ కలిపి 8 శాతం. 'స్మార్ట్ సిటీ' అనే కొత్త మాట వచ్చింది గానీ పని పంపకం మను కాలం నాటిదే. చెత్తబుట్టకు తడి, పొడి అని రంగులు మార్చారు. బుట్ట ఎత్తేవాళ్ల కులం మారలేదు.

2023 డిసెంబరు 26న ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. 2024 జనవరి రెండో వారం దాకా నడిచింది. సమాన పనికి సమాన వేతనం, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కార్మికుల పర్మినెంటు ప్రధాన డిమాండ్లు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులోనే జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. అంటే ఏడేళ్ల కిందటి తీర్పు కోసం కార్మికులు పండగ రోజుల్లో రోడ్డు మీద కూచోవాల్సొచ్చింది. ఊళ్లల్లో చెత్త పేరుకుంటే జనం ముక్కు మూసుకుని మున్సిపాలిటీని తిట్టారు. సమ్మె శిబిరాల దగ్గరికి యూనివర్సిటీల నుంచి ఎంతమంది పోయారు? ప్రతి క్యాంపసూ తనను తాను అడుక్కోవాలి.

చీపురు పట్టిన విద్యార్థులు

విద్యార్థి రాజకీయాల్లో చీపురు కనపడలేదని కాదు. బాగానే కనపడింది. 1990 ఆగస్టులో మండల్ సిఫార్సులు అమలు చేస్తామని కేంద్రం ప్రకటించాక దేశంలో చాలాచోట్ల అగ్రవర్ణ విద్యార్థులు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. 2006లో ఉన్నత విద్యాసంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్లు తెచ్చినప్పుడు మెడికల్ కాలేజీల విద్యార్థులు తెల్లకోట్లు వేసుకుని మళ్లీ అదే చేశారు. 1986లో మురళీధర్ రావు కమిషన్ సిఫార్సుల మేరకు బీసీ కోటా పెంచినప్పుడు మన రాష్ట్రంలో కూడా రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళన పెద్దఎత్తున నడిచింది.

ఆ చీపురుకు అర్థం ఏమిటి? 'రిజర్వేషన్లు ఇస్తే మాకు ఈ పనే గతి' అని. అంటే ఆ పని వేరేవాళ్లు చేస్తే సహజం, తాము చేస్తే అవమానం. ఒక గంట ఊడ్చి ఫోటో దిగి ఇంటికి పోయినవాళ్లకు, ఆ రోడ్డును తెల్లవారుజామున నాలుగింటికే ఒక తల్లి ఊడ్చి పోయిందన్న సంగతి పట్టలేదు. విద్యార్థి రాజకీయం అనగానే అభ్యుదయం అనుకోవడం మన అలవాటు. ఆ అలవాటు మానుకోవాలి. విద్యార్థి ఉద్యమం ఎవరి పక్కన నిలబడిందో చూసి గానీ అది ఎట్లాంటిదో చెప్పలేం. ఈ కొలతతోనే చైనా వైపు చూద్దాం.

చైనా నుంచి మూడు పాఠాలు

చైనాలో విద్యార్థి రాజకీయాలకు మూలం 1919 మే 4 ఉద్యమం. వెర్సాయ్ సంధిలో షాన్‌డాంగ్ ప్రాంతంలోని జర్మనీ హక్కులు జపానుకు కట్టబెట్టినందుకు బీజింగ్ విద్యార్థులు సుమారు 3,000 మంది తియానన్మెన్ దగ్గర చేరారు. జూన్‌లో షాంఘై కార్మికులు సమ్మె చేశాకే ప్రభుత్వం దిగొచ్చింది. ఆ అనుభవంతో పీకింగ్ యూనివర్సిటీ విద్యార్థులు కొందరు 1921లో చాంగ్‌శిన్‌డియెన్ రైల్వే కార్మికుల కోసం బడి పెట్టారు. చదువుకున్నవాడు కార్మికుడి దగ్గరికి పోతే ఏమవుతుందో ఆ దేశం అప్పుడే చూసింది. ఇది మొదటి పాఠం.

రెండోది 1989. తియానన్మెన్ చౌకులో విద్యార్థులు కూచున్నప్పుడు బీజింగ్ కార్మికులు కూడా స్వతంత్ర సమాఖ్య పెట్టుకుని వచ్చారు. ఉద్యమం 'శుద్ధంగా' ఉండాలని, ప్రభుత్వానికి సాకు దొరక్కూడదని విద్యార్థి నాయకులు వాళ్లను చాలాకాలం దూరంగానే ఉంచారు. జూన్ 4 తర్వాత అణచివేతలో కార్మికులకు పడిన శిక్షలు విద్యార్థులకు పడినవాటి కంటే ఘోరం. మరణశిక్షలు కూడా వాళ్లకే పడ్డాయి. 'శుద్ధి' అనే మాట వినగానే మనకు ఉలిక్కిపాటు ఎందుకు రావాలో వేరే చెప్పనక్కరలేదు.

మూడోది మన విషయానికి దగ్గరిది. గ్వాంగ్‌జౌ నగరంలో పల్లెలు ఖాళీ చేయించి ఒక యూనివర్సిటీ టౌన్ కట్టారు. అనేక విశ్వవిద్యాలయాలు ఒకేచోట ఉంటాయి. 2014 ఆగస్టులో అక్కడి పారిశుద్ధ్య కార్మికులు 200 మందికి పైగా సమ్మెకు దిగారు. కాంట్రాక్టు కంపెనీ మారుతోంది, పాత కంపెనీ సర్వీసుకు పరిహారం ఇవ్వకుండా తప్పుకోవాలని చూసింది. ఇది మన మున్సిపాలిటీల్లో కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ జరిగే తంతే గదా! అక్కడ తేడా ఏమిటంటే, దగ్గర్లోని సన్ యట్-సెన్ యూనివర్సిటీ మొదలైన చోట్ల విద్యార్థులు కార్మికుల దగ్గరికి పోయారు. సంతకాలు సేకరించారు, వాళ్ల మాటలు రాసి బయటికి తెచ్చారు. కార్మికులు తమ ప్రతినిధుల్ని తామే ఎన్నుకుని బేరమాడి సర్వీసు లెక్కన పరిహారం రాబట్టుకున్నారు. గెలిచింది కార్మికులు, తోడు నిలబడింది విద్యార్థులు. ఈ వరస ముఖ్యం.

ఇదే కాలంలో పీకింగ్ యూనివర్సిటీ మార్క్సిస్టు విద్యార్థి సంఘం తమ క్యాంపస్‌లో ఊడ్చేవాళ్లు, వండేవాళ్లు, కాపలా కాసేవాళ్ల పని గంటలు, కాంట్రాక్టులు, జీతాల మీద సర్వే చేసి 2015లో నివేదిక బయటపెట్టింది. దూరదేశపు విప్లవాల గురించి కాకుండా తమ హాస్టల్ మరుగుదొడ్డి కడిగేదెవరు అని అడగడంతో మొదలుపెట్టారు. 2018 జూలైలో షెన్‌జెన్‌లోని జాసిక్ ఫ్యాక్టరీ కార్మికులు యూనియన్ పెట్టుకోబోయి ఉద్యోగాలు పోగొట్టుకుంటే, ఇట్లాంటి విద్యార్థులే అక్కడికి పోయి అండగా నిలిచారు. ఆగస్టు 24న పోలీసులు సుమారు 50 మందిని పట్టుకుపోయారు. మార్క్సిజం రాజ్య సిద్ధాంతంగా ఉన్న దేశంలో మార్క్సిస్టు విద్యార్థి సంఘాల్ని కట్టడి చేశారు. ఎర్రజెండా ఎగిరే చోట కూడా చీపురు పట్టినవాడి పక్కన నిలబడితే నేరమే అయింది.

చెత్త సంగతిలోనూ చైనా మనకు చెప్పేది ఉంది. 2008 మే 12న సిచువాన్ భూకంపం తర్వాత ల్యూ జియాకున్ అనే వాస్తుశిల్పి కూలిన ఇళ్ల శిథిలాలకు గోధుమ గడ్డి, సిమెంటు కలిపి 'పునర్జన్మ ఇటుక' తయారుచేయించాడు. అదే దేశంలో 2015 డిసెంబరు 20న షెన్‌జెన్‌లో కొండలా పోసిన నిర్మాణ వ్యర్థాల గుట్ట జారి ఇళ్ల మీద, ఫ్యాక్టరీల మీద పడింది. 73 మంది చనిపోయారు, నలుగురు గల్లంతయ్యారు. ఇటుక చేసే తెలివీ ఉంది, గుట్టలు పోసే నిర్లక్ష్యమూ ఉంది. ఎవరి మీద గుట్ట పడుతుందన్నది తెలివి తేల్చదు, అధికారం తేలుస్తుంది.

అయితే ఒక తేడా మరిచిపోకూడదు. చైనాలో పల్లె నుంచి పట్నం వచ్చిన కార్మికుణ్ణి వేరుగా ఉంచేది హుకౌ అనే నివాస నమోదు పద్ధతి. 1958 నాటి చట్టంతో గట్టిపడింది. దానివల్ల పిల్లల చదువు, వైద్యం, ఇల్లు అన్నీ కష్టమయ్యాయి. కానీ అది రాజ్యం రాసిన కాగితం. రాజ్యం తలుచుకుంటే మార్చగలదు. మన దగ్గర కులం ఏ కాగితం మీదా అక్కరలేకుండానే నడుస్తుంది. చీపురు వదిలి డిగ్రీ పట్టుకున్నా 'ఏ వాడ మీది?' అన్న ప్రశ్న వెంట వస్తుంది. అందుకే చైనా విద్యార్థి చేసిన పనిని మన విద్యార్థి అట్లాగే చేస్తే సరిపోదు, ఇంకో అడుగు ముందుకు పోవాలి.

మన క్యాంపస్‌లో ఈ ప్రశ్న

తిరుపతి చదువుల ఊరు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, మహిళా విశ్వవిద్యాలయం 1983లో. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో. సీమ పల్లెల నుంచి మొదటి తరం దళిత విద్యార్థులు ఇక్కడికే వచ్చి చేరారు. కారంచేడు (1985), చుండూరు (1991) మారణకాండల తర్వాత రాష్ట్రంలో క్యాంపస్‌ల వాతావరణం మారింది. 1993లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 2016 జనవరి 17న ఆ సంఘం విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత, వెలేసిన విద్యార్థులు వేసుకున్న గుడారం 'వెలివాడ' దేశమంతా తెలిసింది.

ఇంత పోరాటంలో మనం ఎక్కువగా అడిగింది సీటు, స్కాలర్‌షిప్, హాస్టల్, ఫెలోషిప్, గౌరవం. అవన్నీ అడగాల్సినవే. అవి లేకపోతే ఈ వ్యాసం రాసే మనిషి కూడా ఇక్కడ ఉండడు. కానీ యూనివర్సిటీ గేటు దాటి లోపలికి వచ్చాక మనకొక భయం పట్టుకుంటుంది. హాస్టల్ వరండా ఊడ్చే అక్క మన వాడ మనిషిలాగే ఉంటుంది. ఆమెను 'అక్కా' అని గట్టిగా పిలిస్తే మన కులం బయటపడుతుందేమోనని గొంతు తగ్గుతుంది. ఇది ఒకరిద్దరి బలహీనత కాదు. మొదటి తరం చదువు మీద కులం పెట్టే పన్ను ఇది.

దీనికి తోడు మనలో మనకే మెట్లున్నాయి. 1994లో దండోరా ఉద్యమం ఆ సంగతిని నడిబజార్లో పెట్టింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణకు సుప్రీంకోర్టు దారిచ్చాక, 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీల్ని మూడు గ్రూపులు చేసింది. రెల్లి, తోటి ఉపకులాలకు 1 శాతం, మాదిగ, ఉపకులాలకు 6.5 శాతం, మాల, ఉపకులాలకు 7.5 శాతం. చీపురు ఎక్కువగా ఏ చేతిలో పెట్టారో చూస్తే కోస్తాలో రెల్లి, కొన్ని పట్టణాల్లో యానాది, మిగతాచోట్ల మాదిగ, మాల వాడలు కనపడతాయి. యూనివర్సిటీలో వాళ్ల లెక్క తీస్తే అందుకు తలకిందులుగా ఉంటుంది. ఎవరు ఎక్కువ ఊడ్చారో వాళ్లు తక్కువ చదివారు. ఏ సంఘం జెండా కింద ఉన్నా ఈ నిజం దగ్గర మనమంతా కలవాలి.

చదువుకుని కూడా చీపురు మాట వదలని మనిషి మనకు దూరంలో లేడు. కుప్పం పక్కనే కర్ణాటకలో ఉన్న కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, తన వాళ్లు పొడి మరుగుదొడ్లు ఎత్తే పనిని తలవంపుగా దాచుకోలేదు. రాజ్యం చేసిన నేరంగా దాన్ని బయటపెట్టాడు. ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్ కట్టాడు. సిగ్గుపడాల్సింది ఎవరో తిరగేసి చెప్పడమే ఆ ఉద్యమం చేసిన పెద్ద పని.

ఏం చేయొచ్చు

పెద్ద పెద్ద పిలుపులు ఇవ్వడం లేదు. క్యాంపస్‌లో ఉన్న విద్యార్థి, బడిలో ఉన్న టీచరు, వాడలో ఉన్న కార్యకర్త చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మన క్యాంపస్ లెక్క మనం తీయడం. ఊడ్చేవాళ్లు, కడిగేవాళ్లు, చెత్త ఎత్తేవాళ్లు ఎంతమంది, ఏ కులం, ఏ కాంట్రాక్టు, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా, చేతి తొడుగులున్నాయా. వాళ్ల అనుమతితో, వాళ్ల పేర్లు బయటపడకుండా చేయాలి. పీకింగ్ విద్యార్థులు చేయగలిగింది మనమూ చేయగలం.

రెండోది, సమాచార హక్కు చట్టం (2005) కింద మున్సిపాలిటీలను అడగడం. ప్రాసెసింగ్ ప్లాంటుకు రోజుకు ఎంత శిథిలం వస్తోంది, తయారైన సరుకు ఏ పనుల్లో వాడారు, కాంట్రాక్టులో కార్మికుల జీతం, దుమ్ము నుంచి రక్షణ, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష గురించి ఏం రాశారు. టన్నుల లెక్క అడిగే చోటే మనుషుల లెక్క కూడా అడగాలి.

మూడోది, చదువును అక్కడికి తీసుకుపోవడం. ఇంజనీరింగ్ కాలేజీలో బ్లాకు బలం పరీక్షించే దళిత విద్యార్థి తన ప్రాజెక్టు నివేదికలో ఒక అధ్యాయం ఆ బ్లాకు చేసిన మనుషుల గురించి రాయొచ్చు. సామాజిక శాస్త్రాల విద్యార్థి అందుకు తోడుండొచ్చు. ఈ రెండు శాఖల మధ్య గోడ కూడా ఒక రకం అంటరానితనమే.

నాలుగోది, యాజమాన్యం ప్రశ్న. కార్మికుల్ని కూలీలుగానే ఉంచి గ్లౌజులు ఇస్తే విముక్తి రాదు. పుణెలో చెత్త ఏరేవాళ్లు 1993లో యూనియన్ పెట్టుకుని, 2008లో 'స్వచ్ఛ్' పేరుతో తమదే సహకార సంఘం కట్టుకుని నగరపాలక సంస్థతో ఒప్పందం రాయించుకున్నారు. ప్రభుత్వ పనుల్లో 10 నుంచి 20 శాతం రీసైకిల్ సరుకు కొనాలని నిబంధనల్లో రాసినప్పుడు, ఆ సరుకు చేసే యూనిట్లు పారిశుద్ధ్య కార్మికుల సహకార సంఘాలవి ఎందుకు కాకూడదు? ఎస్సీ కార్పొరేషన్ రుణాలు గేదెలకు, ఆటోలకు ఇచ్చినట్టు ఒక బ్లాకుల ప్రెస్సుకు ఎందుకు ఇవ్వకూడదు? లారీలున్నవాళ్లు బూడిదను పట్టుకుపోయినట్టు శిథిలాన్ని కూడా పట్టుకుపోకముందే ఈ డిమాండు పెట్టాలి.

చివరిగా ఒక హెచ్చరిక. సహకార సంఘం వచ్చినా, యంత్రం వచ్చినా, 'ఇది మీ పనే, మీరే బాగా చేసుకోండి' అనే కొత్త మాటతో దళితుణ్ణి మళ్లీ చెత్తకే కట్టేసే ప్రమాదముంది. మన లక్ష్యం చెత్త మీద దళితులకు హక్కు పత్రం రాయించుకోవడం కాదు. చెత్తకూ పుట్టుకకూ మధ్య ఉన్న ముడి తెంచడం. ఆ పని చేస్తున్నంతకాలం దాని విలువ, జీతం, భద్రత, పెత్తనం చేసేవాళ్లకే దక్కాలి. వాళ్ల పిల్లలు ఆ పని కాదనుకున్న రోజు కాదనగలిగే చదువు వాళ్లకుండాలి. ఈ రెండు డిమాండ్లనూ కలిపి మోయగలిగినప్పుడే దళిత విద్యార్థి రాజకీయం క్యాంపస్ గోడ దాటుతుంది. ఈసారి మున్సిపల్ కార్మికుల సమ్మె శిబిరం వేసినప్పుడు మనం అక్కడ ఉండాలి, ఫోటో కోసం చీపురు పట్టుకుని కాదు, కాగితం కలం పట్టుకుని, వాళ్లు చెప్పేది రాసుకోవడానికి.